క్రింద తడి, పైన పొడి

ఇంగ్లండు దేశమున శరత్కాలము ప్రవేశించి, తోటలలోని ఆపిల్ చెట్లు ఫలభారముచే వంగి, గాలి చల్లబడుచున్న దినములలో, ఆదివారపు భోజనము ముగియు వేళకు అనేక గృహములలో బల్లపైకి వచ్చు తీపి వంటకమునకు క్రంబుల్ అని పేరు. దానిని చేయుటకు గొప్ప పాకనైపుణ్యముతో పని లేదు. తరిగిన పండ్ల ముక్కలను లోతైన పాత్రలో పరచి, మైదాపిండిని వెన్నతో వ్రేళ్ల కొనలతో నలిపి, పంచదార చేర్చి, ఆ పొడిని ముక్కలపై దళముగా చల్లి, ఓవెనులో ముప్పాతిక గంటసేపు ఉంచినచో వంటకము సిద్ధమగును. పదేండ్ల పిల్లలు సైతము పెద్దలు ప్రక్కన నిలిచి చూచుచుండగా చేయగలిగిన పని యిది.

ఇంత సామాన్యమైన వంటకమునకు విజ్ఞానగ్రంథమున ఒక అధ్యాయమేల యను ప్రశ్న పాఠకులకు తోచుట సహజము. దానికి సమాధానము ఆ పాత్రలోనే యున్నది. పాత్ర ఒకటే, వేడి ఒకటే, కాలము ఒకటే. ఐనను అడుగున నున్న పండు మెత్తబడి తన రసములో తానే మునిగియుండగా, దానికి అంగుళము దూరమైనను లేని పైపొర తడియారి, గుల్లబారి, పంటిక్రింద కరకరలాడుచు, బంగారు వన్నెకు తిరుగుచున్నది. ఒక్క అగ్నియే ఒకచోట ఉడికించుటయు, మరియొకచోట వేయించుటయు ఎట్లు సంభవించెను? ఈ భేదమును కల్పించునది నీరు. నీరు నిలిచియున్నంతకాలము పదార్థము ఒక ధర్మమునకును, అది తొలగిపోయిన పిదప వేరొక ధర్మమునకును లోబడియుండును. పండును తరుగుట మొదలుకొని పొడిని చల్లుట వరకు ఈ వంటకములో మనము చేయు ప్రతి పనియు నీటిని తగిన తావున నిలుపుటకును, తగని తావునుండి తొలగించుటకును చేయు ప్రయత్నమే యని గ్రహించినవారికి పాకవిధానమును కంఠస్థము చేయవలసిన అవసరము ఉండదు.

క్రంబుల్ ఇంగ్లండులో ఇంటింట నిలదొక్కుకొనుటకు యుద్ధకాలపు లేమి తోడ్పడెనని చెప్పుదురు. రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమైన కొలది మాసములకే, 1940 జనవరి 8 వ తేదీన, ఆ దేశమున వెన్నకును, పంచదారకును, ఉప్పులో ఊరవేసిన పందిమాంసమునకును రేషను విధింపబడెను. వెన్న మొదట మనిషికి వారమునకు నాలుగు ఔన్సులు, అనగా 113 గ్రాములు. పిమ్మట అది రెండు ఔన్సులకు దిగిన కాలమును కలదు. ఆంగ్లేయులు ప్రాణసమానముగా ప్రేమించు ఆపిల్ పై అను వంటకమునకు పండ్లను పూర్తిగా కప్పునట్లు వెన్నయో కొవ్వో సమృద్ధిగా కలిపి వత్తిన పిండి పొర కావలెను. రేషను దినములలో అది సామాన్య గృహిణికి అందనిదయ్యెను. క్రంబుల్‌కు అట్టి పొర అక్కరలేదు. ఉన్నంత కొవ్వుతో, అది వెన్నయైనను మార్గరీనైనను సరే, ఉన్నంత పిండిని నలిపి, చాలనిచోట ఓట్స్‌ను గాని ఎండిన రొట్టెపొడిని గాని చేర్చి, పండ్లపై చల్లవచ్చును. రేషను 1954 లో సంపూర్ణముగా తొలగిపోయినను, లేమిలో చేరదీసిన వంటకమును కలిమిలోను ఆ ప్రజలు విడువలేదు. పేదరికము నేర్పిన వంటలు రుచిలో పేదవి కానక్కరలేదనుటకు లోకమున నిదర్శనములు పెక్కులు కలవు. వానిలో దీనికిని నేను గౌరవస్థానము నొసగుదును.

ఇక పండు. ఆంగ్లేయులకు వంటకై ప్రత్యేకముగా పెంచు ఆపిల్ జాతి కలదు. దాని పేరు బ్రామ్లీ. నాటింగ్‌హామ్‌షైర్ ప్రాంతమునందలి సౌత్‌వెల్ అను చిన్న పట్టణములో 1809 వ సంవత్సరమున మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అను బాలిక తన యింట నాటిన గింజలలో ఒకటి మొలకెత్తి వృక్షమయ్యెను. 1846 లో ఆ గృహమును మాథ్యూ బ్రామ్లీ అను మాంసవిక్రేత కొనెను. 1856 లో హెన్రీ మెర్రీవెదర్ అను నర్సరీ యజమాని ఆ చెట్టు పండ్లను చూచి, అంటు కట్టుటకు కొమ్మల నడుగగా, పండుకు తన పేరు పెట్టవలెనను నియమముపై బ్రామ్లీ సమ్మతించెను. ఆపిల్ గింజనుండి తల్లిచెట్టును పోలిన చెట్టు రాదు గనుక, నేడు లోకమున నున్న బ్రామ్లీ వృక్షములన్నియు ఆ యొక్క చెట్టు కొమ్మలనుండి పరంపరగా వచ్చిన అంట్లే. గింజను నాటిన బాలిక పేరు పండుకు దక్కక, పిదప ఇల్లు కొన్నవాని పేరు దక్కుట నాకు న్యాయముగా తోచదు. అందువలన ఆమె పేరును ఇచట ముందుగా స్మరించితిని.

బ్రామ్లీ పండు పచ్చిగా తినుటకు పండ్లు జివ్వుమనునంత పుల్లగా నుండును. ఆ పులుపునకు ముఖ్యకారణమైన మాలిక్ ఆమ్లమును 1785 లో స్వీడను దేశపు రసాయనవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే ఆపిల్ రసమునుండియే మొదట వేరుపరచెను. వేడి తగిలినంతనే ఆ పండు ఆకృతిని కోల్పోయి నురుగువలె పొంగి మెత్తని గుజ్జగును. దీనిని గ్రహింపవలెనన్నచో ఆపిల్ కండ యొక్క నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. పండు బరువులో నూటికి ఇంచుమించు 85 వంతులు నీరు. ఆ నీరు సూక్ష్మకణములలో బంధింపబడి యుండును. కణమునకును కణమునకును నడుమ పెక్టిన్ అను జిగురు పదార్థము నిలిచి వానిని కలిపి పట్టియుంచును. ఫ్రాన్సు దేశీయుడగు ఆన్రీ బ్రాకొనో ఈ పదార్థమును 1825 లో వర్ణించెను. వేడి 85 డిగ్రీల సెంటీగ్రేడును దాటిన పిదప పెక్టిన్ వేగముగా సడలి కరగనారంభించును. కణములు ఒకదానినొకటి విడిచి జారును. గోడలు చిట్లినచోట లోని రసము వెలికి వచ్చును. పండు ఉడికినదని మనము చెప్పునది ఈ విచ్ఛేదమునే.

ఆపిల్ పరిమాణములో సుమారు నాలుగవ వంతు గాలియే యనుట మరియొక విశేషము. పండు నీటిలో తేలుటకు కారణమిదియే. ఉడుకునపుడు ఆ గాలి వెడలిపోవును. కావున పాత్ర అంచు వరకు నింపిన ముక్కలు కొంతసేపటికి క్రుంగి, పైపొరకును పండుకును నడుమ ఖాళీ ఏర్పడును. ముక్కలను అంచుకన్న కొంచెము ఎత్తుగా రాశిపోయుమని అనుభవజ్ఞులు చెప్పుటకు ఇదియే ఆధారము.

మన దేశమున దొరకు ఆపిల్ కథ వేరు. అమెరికానుండి వచ్చి హిమాలయ సానువులలో స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ 1916 లో సిమ్లాకు సమీపమునందలి కోట్‌గఢ్ ప్రాంతమున ఎర్రని డెలీషస్ జాతిని ప్రవేశపెట్టెను. హైదరాబాదు, విజయవాడ బజారులలో మనము కొను ఎర్రని పండ్లలో పెక్కు ఆ జాతికి చెందినవే. అవి తియ్యనివి, పులుపు స్వల్పము, ఉడికినను ముక్క చెదరదు. వానితో చేసిన క్రంబుల్ రుచిహీనము కాకుండవలెనన్నచో ఒక నిమ్మకాయ రసమును పిండి, పండ్లపై చల్లు పంచదారను సగమునకు తగ్గింపవలెను. ఆ నిమ్మరసము వేరొక ఉపకారమును గూడ చేయును. కోసిన ఆపిల్ గాలి సోకి గోధుమవర్ణమునకు మారుట అందరెరిగినదే. కత్తివేటుకు కణములు చిట్లి, లోపల వేర్వేరు గదులలో నున్న ఫీనాలిక పదార్థములును, వానిని ప్రాణవాయువుతో సంయోగపరచు ఎంజైమును కలిసికొనుటయే దానికి హేతువు. ఆమ్లము ఆ ఎంజైము వేగమును కుంటుపరచును. ఐనను ఓవెనులోనికి పోవు ముక్కకు ఈ రంగుమార్పు వలన రుచిలో లోపము రాదు గనుక దీనిని గూర్చి అతిగా చింతింపనక్కరలేదు.

ఆపిల్‌తో పాటు ఆ దేశమున క్రంబుల్‌కు మిక్కిలి ప్రసిద్ధమైనది రబార్బ్. వృక్షశాస్త్రరీత్యా అది పండే కాదు, ఆకుకాడ. యార్క్‌షైర్ పశ్చిమభాగమున, వేక్‌ఫీల్డ్ పరిసరములలో, శీతకాలమందు ఈ మొక్కలను చీకటి కొట్టములలో పెంచి, వెలుగు సోకిన కాడలు ముదిరి పీచుదేరునను కారణముచే కొవ్వొత్తుల కాంతిలోనే కోయు ఆచారము కలదు. తెలుగువారికి రబార్బ్ అపరిచితమైనను దాని కుటుంబము అపరిచితము కాదు: మన చుక్కకూరయు అదియు ఒకే వృక్షకుటుంబమునకు చెందినవి. ఆ నాలుకను కుదిపెడు పులుపు రెంటిలోను కలదు. ఆక్సాలిక్ ఆమ్లమును రెంటిలోను కలదు. కాని చుక్కకూర ఆకును మనము పప్పులో వేసికొందుము. రబార్బ్ ఆకునందు ఆ ఆమ్లము అధికమగుటచే అది విషతుల్యము. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, కూరగాయలు కరవైనపుడు, దాని ఆకులను వండుకొని తినవచ్చునను సలహా బ్రిటన్‌లో ప్రచారమై, నమ్మి తిన్నవారు విషబాధకు లోనైరి. ఆహారవిషయమున తెలిసీ తెలియని సలహా ఎంత ప్రమాదకరమో ఇంతకన్న చెప్పనక్కరలేదు. కాడను మాత్రమే వాడి, ఆకును పూర్తిగా పారవేయవలెను.

పైపొరకు వత్తము. గోధుమపిండి నీటితో కలిసినపుడు దానిలోని రెండు మాంసకృత్తులు పెనవేసికొని సాగెడు జిగురు వల నల్లును. దానికి గ్లూటెన్ అని పేరు. ఇటలీలోని బొలోనా నగరమునకు చెందిన బెకారి అను పండితుడు పిండిముద్దను నీటిలో కడిగి కడిగి, గంజిపదార్థము కొట్టుకొనిపోగా చేతిలో మిగిలిన జిగురును గూర్చి వ్రాసిన వ్యాసము 1745 లో ప్రకటితమయ్యెను. చపాతీ పొరలుగా సాగుటకును, రొట్టె పొంగి నిలుచుటకును ఆ జిగురే ఆధారము. క్రంబుల్‌కు అదియే శత్రువు. గ్లూటెన్ అల్లుకొన్న పైపొర కరకరలాడదు. బిళ్లగట్టి, పంటికి సాగును. అందుచేతనే ఈ పిండిలో నీటిబొట్టు వేయరాదు. వెన్నలో నూటికి 80 వంతులకు పైగా కొవ్వును, ఇంచుమించు 16 వంతులు నీరును ఉండును. వెన్నను పిండితో నలుపునపుడు కొవ్వు పిండిరేణువులకు సన్నని కవచమై యమరి, ఆ కొలది నీరును రేణువులలోనికి చొరబడనీయక నిలువరించును. వ్రేళ్ల కొనలతో నలుపుటలోని రహస్యమంతయు ఈ కవచమును కల్పించుటయందే యున్నది.

కవచము సక్రమముగా ఏర్పడుటకు వెన్న గట్టిగా నుండవలెను. పాలకొవ్వు సుమారు 35 డిగ్రీలకు పూర్తిగా కరగిపోవును. ఇంగ్లండు వంటింటిలో ఆ ప్రమాదము అరుదు; వైశాఖమాసమున గుంటూరులోనో ఖమ్మములోనో బయటి గాలియే 40 డిగ్రీలను దాటునపుడు వెన్న పళ్లెములోనే నూనెయగును. కరగిన వెన్నను పిండి పీల్చుకొని ముద్దయగును. అది ఓవెనులో కాలి పెంకువలె గట్టిపడును. కావున మన ప్రాంతమున వెన్నను, పిండిని, వీలైనచో గిన్నెను గూడ ఒక గంట ఫ్రిజ్‌లో నుంచి, వెన్నను కత్తితో చిన్న ముక్కలు చేసి, అరచేతి వేడి తగులకుండ వ్రేళ్ల కొనలతోనే శీఘ్రముగా పని ముగింపవలెను. మైదా 200 గ్రాములకు వెన్న 100, పంచదార 100 గ్రాములు మంచి ప్రమాణము. చిటికెడు ఉప్పు చేర్చిన రుచి నిలుచును. పండు తొక్కయు గింజయు తీసిన పిదప 900 గ్రాముల వరకు ఉండవచ్చును. పొడి అంతయు ఒకే విధముగా సన్నమై యుండనక్కరలేదు. కొన్ని ఉండలు శనగగింజ పరిమాణమున నిలిచినచో వాని నడుమ ఆవిరి వెడలుటకు త్రోవ దొరకును. వెన్నకు మారుగా నెయ్యి వాడవచ్చునా యని మనవారడుగుదురు. వాడవచ్చును. నేతిలో నీరు లేనందున పొర మరింత గుల్లగా నుండును. కాని వెన్నలోని పాలపదార్థము నేతిలో లేనందున వన్నెయు, తత్సంబంధమైన సువాసనయు కొంత తగ్గును.

ఇప్పుడు పాత్రను 180 డిగ్రీల ఓవెనులో నుంచితిమి. మన ప్రశ్న ఇచటనే తేలవలెను. తెలుగింటి పొయ్యిమీద ప్రతిదినము జరుగు ఒక విషయమును పరిశీలింపుడు: పప్పు ఉడుకు గిన్నె క్రింద మంట ఎంత హెచ్చించినను పప్పు వేడి నూరు డిగ్రీలను దాటదు, ఎంతసేపుంచినను అది ఎర్రబడదు; ప్రక్క పొయ్యిమీది గరిటెలో నూనె ఆ హద్దును సులభముగా దాటి, ఆవాలను చిటపటలాడించి, మినపప్పును క్షణములలో ఎర్రగా వేయించును. గిన్నెలోని నీరు మరుగుటయందే తనకు వచ్చిన వేడినంతను వ్యయపరచుచుండుటయే పప్పు హద్దు దాటకపోవుటకు హేతువు. ఇరువది డిగ్రీల నీరొక గ్రామును మరుగుస్థితికి తెచ్చుటకు 80 కేలరీలు చాలును. మరుగుచున్న ఆ గ్రామును ఆవిరిగా మార్చుటకు మరి 540 కేలరీలు కావలెను. ఈ గుప్తోష్ణమును స్కాట్లండు దేశపు గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ పదునెనిమిదవ శతాబ్దిలో కనుగొనెను. ఓవెనులోని పండు ఈ పప్పు వంటిది. చుట్టును 180 డిగ్రీల వేడి యున్నను, దాని రసము మిగిలియున్నంతవరకు, అది నూరు డిగ్రీలకు రవంత అటునిటుగా నిలిచియుండును. పెక్టిన్ కరగుటకు ఆ వేడి చాలును. పండు మాడుటకు చాలదు.

పైపొరలో ఉన్న నీరు అత్యల్పము. అది పదిపదునైదు నిమిషములలో ఆవిరియై పోవును. అటుపై వేడిని వ్యయపరచునది లేక ఉపరితలము నూరును దాటి, నూట నలువదిని దాటి, క్రమముగా ఓవెను వేడికి చేరువగును. అప్పుడు జరుగు రసాయనచర్యకు లూయీ కమీల్ మెయ్యార్ పేరు నిలిచినది. ఆ ఫ్రెంచి వైద్యుడు ఎమినో ఆమ్లములను చక్కెరలతో కలిపి వేడిచేసి, అవి గోధుమవర్ణమునకు తిరుగుటను 1912 లో ప్రకటించెను. కాలిన రొట్టె వాసన, వేగిన కాఫీగింజల వాసన, దోసె అంచుల వాసన, ఇవన్నియు ఆ చర్య సంతానమే. క్రంబుల్‌లో పిండిలోని మాంసకృత్తులును, వెన్నలోని పాలపదార్థమును దీనిలో పాల్గొనును. పంచదార స్వయముగా ఈ చర్యకు తగినది కాదు. అది వేడికి కొంత విడివడి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారిన పిదపనే పాల్గొనగలదు. అంతకన్న మించిన వేడి తగిలినచోట అది కరగి, చల్లారునపుడు గాజువలె బిగిసి కరకరకు తోడ్పడును. పంచదారకు బదులు బెల్లము వాడినచో వన్నె శీఘ్రముగా వచ్చును గాని, బెల్లము గాలిలోని తేమను పీల్చు స్వభావము గలది గనుక పొర త్వరలో మెత్తబడును.

తడికిని పొడికిని నడుమనున్న సరిహద్దు ఈ వంటకమున నాకు మిక్కిలి ప్రీతికరమైన భాగము. పైపొర అడుగుభాగమునకు పండ్లనుండి వచ్చు ఆవిరియు రసమును తగులును. అచటి పిండిలోని గంజిపదార్థము ఆ తడిని గ్రహించి ఉబ్బి, పలుచని మెత్తని పొరయగును. కరకరకును గుజ్జుకును మధ్య ఆ పొర కొంచెము ఉండుట రుచికే. హెచ్చినచో పైపొర అంతయు అంబలి యగును. రసము విశేషముగా ఊరెడు పండ్లను వాడునపుడు ఒక చెంచా మొక్కజొన్నపిండిని ముక్కలకు పట్టించుట, పొడిని అరచేత అదుమక వదులుగా చల్లుట, పాత్ర మిక్కిలి లోతుగా గాక వెడల్పుగా నుండునట్లు చూచుట, ఇవి దానికి ప్రతిక్రియలు. పాత్ర అంచుల వెంబడి రసము పొంగి పైకి వచ్చునపుడు దానిలోని నీరు ఇగిరి చక్కెర చిక్కబడును. చిక్కబడిన కొలది దాని మరుగుస్థానము నూరునకు మించి పెరుగును. తుదకు అచట పండురసమే పాకమై, పొడిలోనికి ఇంకి, ముదురు వన్నెతో బిగిసికొనును. పిల్లలు ఆ అంచు ముక్కకై తగవులాడుట అకారణము కాదు.

ఓవెనునుండి తీసినంతనే వడ్డింపరాదు. చిక్కని రసము నీటికన్న ఎక్కువ వేడియై నాలుకను కాల్చును. అదిగాక పెక్టిన్, గంజిపదార్థములు చల్లారునపుడే రసమును చిక్కపరచును; పదునైదు నిమిషములు ఆగినచో పలుచనిది తనంతట తానే చక్కబడును. ఆంగ్లేయులు దీనిపై కస్టర్డ్ పోసికొందురు. మన యిండ్లలో పండ్లముక్కలతో కలుపుకొను గ్రుడ్డులేని కస్టర్డ్ పొడిని 1837 లో బర్మింగ్‌హామ్ నగరమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను ఔషధవిక్రేత, గ్రుడ్లు సరిపడని తన భార్య కొరకు, మొక్కజొన్నపిండితో కల్పించెను. మరునాటికి మిగిలిన క్రంబుల్ పైపొర పండునుండి తేమను గ్రహించి మెత్తబడును. దానిని మైక్రోవేవ్‌లో వేడిచేసినచో నీరు ఆవిరియై మరల పొరలోనికే చేరును, ఓవెనులో పది నిమిషములుంచినచో ఆ తేమ వెడలి కరకర కొంత తిరిగి వచ్చును.

ఓవెను లేని గృహములు మన నాట ఇంకను పెక్కు. తడిలోకమును పొడిలోకమును వేర్వేరని తెలిసినవారికి అది అడ్డంకి కాదు. పండుముక్కలను కొంచెము పంచదారతోను నిమ్మరసముతోను మూతపెట్టి సన్నని మంటపై మగ్గింపుడు. నలిపిన పొడిని అడుగు మందమైన మూకుడులో, మిక్కిలి తక్కువ సెగపై, విడువక కలుపుచు, వన్నె తిరిగి కమ్మని వాసన వచ్చువరకు వేయింపుడు. పొడి చల్లారిన కొలది బిగిసి కరకరలాడును. రెంటిని వడ్డన సమయమున మాత్రమే కలిపినచో ఓవెనులో చేసినదానికన్న పైపొర ఎక్కువసేపు గుల్లగానే నిలుచును. దీనిలో లోపించునది ఒక్కటే: పండురసము పొంగి పొడిలో పాకమై బిగిసిన ఆ అంచు.